ఒక సైజు చిన్నది

కట్టుకున్నవాడి మీద ఆ ఇల్లాలికున్న ఫిర్యాదు తాగుడు గురించి కాదు, తిరుగుడు గురించీ కాదు. అలాంటివైతే నలుగురూ కూర్చుని మందలించి దారికి తేగలరు. ఆయన ఏ వస్తువు కొని తెచ్చినా అది కావలసినదానికంటే ఒక సైజు చిన్నదిగా ఉంటుంది. ఈ కష్టం ఎవరితో చెప్పుకున్నా నవ్విపోతారు. దుప్పటి తెస్తే కాళ్లు కప్పుకున్నవాళ్లు భుజాల మీద ఆశ వదులుకోవాలి. గొడుగు తెస్తే ఇద్దరిలో ఒకరు తడవాలి. పోనీ సొంతానికైనా సరైనవి కొనుక్కుంటాడా అంటే, చెప్పుల్లోంచి మడమలు వెనక్కి వేలాడుతూ ఉంటాయి. అడిగితే, "చిన్నదైతే చప్పున అందుకుంటుందోయ్" అంటాడు. దుప్పటి గురించి కూడా అదే మాట.

ఆ ఉదయం ఆమె పొయ్యి దగ్గర, ఆయన గుమ్మం పక్కన స్టూలు మీద. ఆయన బూట్లు బిగించుకుంటున్నాడు, ఆమె రోజూ పాడే పాట అందుకుంది.

"నేనడిగిందేంటి, మీరు తెచ్చిందేంటి? అన్నం పెడితే కూరకి చోటుండదు, కూర పెడితే అన్నానికి చోటుండదు. తమ్ముడు భోజనానికొస్తే రెండుసార్లు ఎక్కించాలి. ఇది కుక్కరా, పోపుల డబ్బాలో గిన్నా?"

జవాబు ఆయన చెప్పనక్కర్లేకుండా కుక్కరే చెప్పింది. కీచుమని కూత పెట్టింది.

"విన్నావా?" అన్నాడు ఆయన, తాడు ముడి వేస్తూ. "వెలిగించి ఇటు తిరిగావో లేదో, కూసింది. నువ్వడిగిన పెద్దదైతే ఈపాటికింకా ఆవులిస్తూ ఉండేది."

ఆ కుక్కరు వాళ్ల కాపురం అంత పాతది. కొత్తగా ఇల్లు తెరిచినప్పుడు ఆమె పెద్దదే తెమ్మంది, ముందు ముందు పనికొస్తుందని. ఆయన ఇది పట్టుకొచ్చి, "ఇప్పటికి ఇద్దరమేగా, అవసరం పడ్డప్పుడు పెద్దది తెద్దాం" అన్నాడు. ఆ అవసరం పడనేలేదు. పడలేదన్న సంగతి ఇద్దరూ ఏనాడూ నోరు విప్పి అనుకోలేదు. ఆమె కుక్కర్ని తిట్టేది, ఆయన కుక్కర్ని వెనకేసుకొచ్చేవాడు. సంసారంలో కొన్ని సంగతులు అలా గిన్నెల మీదుగానే నడిచిపోతాయి.

"ఒక్కసారి," అందామె గరిటె చూపించి, "ఒక్కటంటే ఒక్కసారి, 'చిన్నదైందే, నాదే తప్పు' అనండి. ఆ తర్వాత కుక్కరు మాటెత్తితే అడగండి."

"అనాల్సి వచ్చిన రోజు అంటాలే."

ఆ రోజు రాదని ఆమెకి తెలుసు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనిషి. నాలుగో కాలు చేత్తో పట్టి చూపిస్తే, అది తోక అంటాడు.

స్టూలు మీంచి లేచి ఆయన గుమ్మం పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. రెండో చేత్తో భుజం రాసుకున్నాడు.

"ఆ భుజం ఎవరికైనా చూపించుకోమన్నానా లేదా?"

"పానాలు తిప్పే చెయ్యి. ఆ మాత్రం నొప్పి లేకపోతే నేను పని చేయడం లేదనుకుంటారు," అని టిఫిను డబ్బా అందుకుని వెళ్లాడు. ఆ డబ్బా కూడా ఆయన కొన్నదే. అది ఏ సైజో చెప్పక్కర్లేదు.

వీధిలో ఆయన్ని చూసి తల తిప్పి మళ్లీ చూసినవాళ్లు లేరు. సన్నటి మనిషి, ఎన్ని ఉతుకులు ఉతికినా ఇంజనాయిలు రంగు వదలని చొక్కా, గోళ్ల చుట్టూ సన్నటి నల్లటి గీత. ఆయన పనిచేసే కార్ల షెడ్డు తెరిచినరోజు తీసిన ఫొటో ఒకటి అక్కడ గోడకుంది. అందులో నడుమ బావమరిది ఛాతీ విరుచుకుని నవ్వుతుంటాడు. అంచున ఒక భుజం, ఒక చెవి, సగం బుగ్గ కనిపిస్తాయి. అది ఈయన. సగమే పడిందేమిటని ఎవరైనా అంటే, "చాల్లే, గుర్తుపట్టడానికి చెవి సరిపోతుంది" అనేవాడు. నిజానికి ఆయనలో గుర్తుపెట్టుకోవలసింది ఆ చెవే.

షెడ్డు బావమరిదిది. బోర్డు, కుర్చీ, కబుర్లు ఆయనవి. పని బావది. వచ్చేవాళ్లు బావని గాలిమేస్త్రి అనేవారు. కార్లకి టర్బోలు బిగించడం ఆయన వృత్తి. టర్బో అంటే చూడ్డానికి ఇనుప నత్తగుల్ల. ఇంజను వదిలే పొగ ఊరికే పోకుండా దానిలో ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకి రెండో కొసన ఉన్న చక్రం బయటి గాలిని పీల్చి ఇంజన్లోకి కుక్కుతుంది. గాలి ఎక్కువైతే బలం ఎక్కువ. ఇంతవరకు ఎవరైనా చెబుతారు. ఏ బండికి ఎంత నత్తగుల్ల అన్న దగ్గరే అసలు తగువు. మరీ పెద్దది పెడితే పొగకి దాన్ని తిప్పే సత్తువ రావడానికే కొంతసేపు పడుతుంది. కాలు నొక్కాక బండి ముందు ఆలోచించి, తర్వాత ఒక్కసారిగా ఎగిరి దూకుతుంది. మరీ చిన్నది పెడితే నొక్కగానే అందుకుంటుంది. కానీ దూరం ఎక్కవలసి వచ్చినప్పుడు, సినిమా వదిలాక ఒకే తలుపు తెరిచినట్టు, పొగ బయటికి పోలేక ఇంజను ఉడికిపోతుంది.

బావమరిదికి పెద్దదంటే ప్రాణం. తా దూర కంత లేదు, మెడకో డోలు అన్నట్టు, కూరగాయల బండికైనా సరే అలమరలో అన్నిటికంటే లావుపాటి టర్బో చూపించేవాడు. బావకి చిన్నదంటే నమ్మకం. ఈ తగువు ఆ షెడ్డులో పొద్దున పొయ్యిలాగా వెలిగి సాయంత్రం ఆరేది. మర్నాడు మళ్లీ వెలిగేది.

అయితే నమ్మకం ఒకటి, పని ఒకటి. పని దగ్గర మేస్త్రికి ఒక పద్ధతుండేది. బండి ఎవరిదో వాళ్లని స్టీరింగు ముందు కూర్చోబెట్టి, తాను పక్క సీట్లో కూర్చుని, "మీరు రోజూ పోయే దారిలో పోనివ్వండి" అనేవాడు. రోజూ మోసే బరువంతా ఎక్కించి తీరాలి. ఒకాయన, తాను రోజూ మోసేది అత్తగారినే అని చెప్పి, నిజంగానే ఆవిడని ఎక్కించుకొచ్చాడు. ఆవిడ దారి పొడుగునా మాట్లాడింది. మేస్త్రి మాత్రం ఎప్పట్లాగే కళ్లు మూసుకుని, అరచెయ్యి డ్యాష్‌బోర్డు మీద బోర్లా పెట్టి, పెదవి కదపకుండా కూర్చున్నాడు. తెలియనివాళ్లు నిద్రపోయాడనుకునేవారు. బండి ఎక్కడ ఊపిరి తీస్తోందో, ఎక్కడ బిగబట్టుకుంటోందో ఆ చెయ్యి వింటుంది. దిగాక ఆయన ఒక్క మాటే చెప్పాడు: "దీనికి కొంచెం పెద్దదే పెడదాం."

అలా ఆయన చెయ్యి పడ్డ బళ్లు ఆ వీధుల్లో ఎన్నో. తెల్లారకుండా రొట్టెలు పంచే వ్యాను, స్టేషను ముందు నిలబడే టాక్సీలు, ఎవరిదో పెళ్లినాటి కారు. వాటిని నడిపేవాళ్లకి మేస్త్రి మొహం చటుక్కున గుర్తురాదు. మెరక ఎక్కేటప్పుడు కాలి కింద బండి పలికే తీరు గుర్తుంటుంది. అదే తన మొహమని ఆయన అనుకునేవాడేమో.

ఆ రోజు షెడ్డు తలుపు పూర్తిగా తెరవకముందే నర్సు వచ్చింది. కొండమీది ఇళ్లల్లో మంచం దిగలేని వాళ్ల దగ్గరికి రోజూ వెళ్లే మనిషి. ఆవిడ పాత డీజిలు కారులో వెనకాల ఆక్సిజను సిలిండరు ఉంటుంది, మందుల సంచి ఉంటుంది, ఒక్కోసారి సీటు వాల్చి పడుకోబెట్టిన రోగి ఉంటాడు. ఈమధ్య మేస్త్రి జ్వరంతో ఇంట్లో పడుకున్నప్పుడు ఆ కారు టర్బో పాడై షెడ్డుకొచ్చింది. అడ్డు చెప్పేవాళ్లు లేని ఆనందంలో బావమరిది తన మనసుకు నచ్చినది బిగించి పంపాడు.

"కొండదారి మొదట్లో మలుపుంది కదా," అంది నర్సు, తాళాలు బల్ల మీద పెట్టి. "పైనుంచి లారీలు దిగుతుంటాయి. సందు చూసి కాలు నొక్కాను. బండి ఆలోచనలో పడింది. లారీ మాత్రం పడలేదు. నా అద్దం ఊడిపోయింది చూడండి. ఇంకో జానెడైతే నేను ఊడిపోయేదాన్ని."

"మీరు కాలు గట్టిగా నొక్కి ఉండరమ్మా," అన్నాడు బావమరిది కుర్చీలోంచి. "ఆ టర్బో అందుకుందంటే విమానమే."

"గట్టిగా ఎక్కడ నొక్కాలో నాకు తెలుసు," అందావిడ ఆయన మెడవైపు చూస్తూ. తర్వాత మేస్త్రివైపు తిరిగింది. "ఇవాళ బాగుపడకపోతే ఇంక నేను ఎక్కను మేస్త్రిగారూ. వేరే ఎవర్నైనా చూసుకోండని కొండమీదివాళ్లకి చెప్పేస్తాను. వేరే ఎవరూ లేరని వాళ్లకీ తెలుసు, నాకూ తెలుసు. అయినా సరే, చచ్చిపోయి సేవ చేయలేను కదా."

మేస్త్రి తలూపి, విరిగిన అద్దం మొండెం మీద వేలు పెట్టి చూశాడు. "పదండి," అన్నాడు.

ఆవిడ డ్యూటీ వేళ దగ్గర పడింది. సిలిండరు ఆసుపత్రిలోనే ఉంది. అందుకని మలుపుదాకా మాత్రం వెళ్లి, ఖాళీ బండితో వెనక్కొచ్చారు. పైదాకా పోనివ్వమని మేస్త్రి అడగలేదు. అడగకపోవడం ఆయన పద్ధతి కాదు. కానీ మలుపు దగ్గర ఆ బండి పడ్డ మొద్దునిద్ర చూశాక, ఇంక తెలుసుకోవలసిందేమీ లేదనిపించింది.

"మీ రంగు బాగాలేదండీ," అంది నర్సు దిగుతూ. "ఒకసారి ఆసుపత్రికి రండి."

"మీ బండి రంగు కూడా బాగాలేదమ్మా. ముందు దాని సంగతి చూడనివ్వండి."

అలమరలో ఆ కారుకి సరిపడే టర్బోలు రెండున్నాయి, ఒకటి నడిమిది, ఒకటి చిన్నది. మేస్త్రి చెయ్యి తిన్నగా నడిమిదాని మీదికే పోయింది. దాన్ని కిందికి దించి, చిటికెనవేలితో చక్రాన్ని తిప్పి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. చక్రం తడబడకుండా, సన్నగా, చాలాసేపు తిరిగింది. ఆయన మొహంలో అప్పుడు కనిపించే తృప్తి, నిద్రపోతున్న పసిబిడ్డ ఊపిరి విన్నవాళ్ల మొహాల్లో కనిపిస్తుంది.

"ఓహో, నడిమిదా?" అన్నాడు బావమరిది వెనకనుంచి. "అంటే నేను పెట్టింది మరీ అంత తప్పేం కాదన్నమాట. ఒక్క మెట్టే తేడా. ఉండు, అక్కకి చెబుతా, బావ మెల్లమెల్లగా నా దారిలోకొస్తున్నాడని."

మేస్త్రి నడిమిదాన్ని తిరిగి అలమరలో పెట్టాడు. చిన్నదాన్ని తీశాడు.

"ఇది," అన్నాడు.

షెడ్డులో ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. పట్టించుకోవడానికి అందులో ఏముంది గనక? ఒక మనిషి ఒకటి పెట్టేసి ఇంకోటి తీసుకున్నాడు.

ఆ తర్వాత మధ్యాహ్నందాకా ఆయన ఇంజను మీదికి వంగే ఉన్నాడు. రేకుల కప్పు వేడెక్కి టిక్కుటిక్కుమంటోంది. తుప్పు పట్టిన నట్లని ఆయన బలంతో తిప్పడు. కాస్త నూనె చుక్క వేసి, పానాతో మెల్లగా తట్టి, ఇంకో పని చూసుకుని వస్తాడు. అప్పటికి అలిగిన చుట్టంలా నట్టు తనంతట తానే మెత్తబడి ఉంటుంది. పెద్ద టర్బోని దించి పాత గుడ్డ మీద పడుకోబెట్టాడు. దాని మీద ఆయనకి కోపం లేదు. తప్పు చోట కూర్చోబెడితే అదేం చేస్తుంది పాపం? చిన్నదాన్ని ఎక్కించి, కొత్త ప్యాకింగులు పెట్టి, గొట్టాలు కలిపాడు. ఇంజను తిప్పేముందు టర్బో నోట్లో కొంచెం ఆయిలు పోశాడు. "ఎండిపోయిన గొంతుతో ఎవర్నీ పరిగెత్తించకూడదు," అనేవాడు ఎప్పుడూ. నడుమ రెండుసార్లు పని ఆపి, భుజం పట్టుకుని నిలబడ్డాడు. టిఫిను డబ్బాలో సగం మిగిల్చాడు.

"ఏం బావా, అక్క ఎక్కువ పెట్టిందా?"

"ఆ డబ్బాలో ఎక్కువ పట్టడానికి చోటెక్కడిది?" అన్నాడు. కొంచెం ఆలస్యంగా అన్నాడు.

ఎండ వాలుతుండగా నర్సు సిలిండరుతో సహా వచ్చింది. బావమరిది కూడా లేచాడు. "నేనూ వస్తా. నా టర్బో చేసిన పాపమేంటో, దీని పుణ్యమేంటో నా కళ్లతో చూస్తా," అని వెనక సీట్లో సిలిండరు పక్కన ఎక్కాడు. కారు ఆ పక్కకి ఒరిగింది.

"బరువు సరిపోయింది," అన్నాడు మేస్త్రి, ముందు సీట్లో కూర్చుని. కళ్లు మూసుకున్నాడు. అరచెయ్యి డ్యాష్‌బోర్డు మీద పెట్టాడు.

మలుపు దగ్గర నర్సు ఆగింది. ఆవిడ వేళ్లు స్టీరింగు మీద బిగుసుకున్నాయి. ఒక లారీ దిగిపోయింది, ఇంకోటి పైన కనిపిస్తోంది. సందు చూసి నొక్కింది. పేరు పెట్టి పిలిస్తే పరిగెత్తుకొచ్చే పిల్లలా కారు తటాలున అందుకుని రోడ్డు దాటి కొండదారి పట్టింది. లారీ హారను చాలా వెనక, ఎవరికో సంబంధించినదానిలా వినిపించింది.

"ఇదీ!" అంది నర్సు, గట్టిగా నవ్వేసి. "ఇదే కదండీ నాకు కావలసింది!"

వెనక సీట్లో బావమరిది కిటికీలోంచి ఒక ఉత్త గోడని ఎంతో శ్రద్ధగా చూస్తున్నాడు.

అక్కడికక్కడే బండి వెనక్కి తిప్పమని ఉంటే, మేస్త్రి ఖాతాలో ఇంకో గెలుపు పడి ఉండేది. నర్సు సంతోషించింది, బావమరిది నోరు మూతపడింది. ఇంతకంటే ఒక మనిషికి సాయంత్రంపూట ఏం కావాలి? కానీ పొద్దున చేయని పని ఒకటి ఆయన్ని ఉదయం నుంచీ గుచ్చుతూనే ఉంది.

"పైదాకా పోనివ్వండమ్మా," అన్నాడు కళ్లు తెరవకుండానే.

కొండదారి మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది. నర్సు ఉత్సాహంగా మాట్లాడుతోంది. పైన ఒక ముసలాయన ఇంజెక్షను చేసేటప్పుడు పాటలు పాడతాడట. బావమరిది ఊకొడుతున్నాడు. మేస్త్రి చెయ్యి మాత్రం వేరే సంగతి వింటోంది. మొదటి మెలికలో బండి హాయిగా లాగింది. రెండో దాంట్లోనూ లాగింది. దారి పొడుగ్గా, నిటారుగా సాగిన చోట ఇంజను గొంతులో ఏదో సన్నగా బిగుసుకుంది. నలుగురిలో నవ్వుతూనే లోపల ఊపిరి బిగబట్టిన మనిషిలా ఉంది అది. పక్కనున్న నర్సుకి తెలియలేదు. వెనకున్న బావమరిదికీ తెలియలేదు. తెలిసింది ఒక్క అరచేతికే.

"కాస్త ఆపండమ్మా."

దిగి, గుడ్డ పట్టుకుని బానెట్టు ఎత్తాడు. వేడి మొహానికి కొట్టింది. ఆ వేడి ముందు ఆయన చాలాసేపు నిలబడ్డాడు. కింద ఊరి కప్పులన్నీ ఎండకి తెల్లబడి కనిపిస్తున్నాయి. వాటిలో ఎక్కడో తన రేకుల షెడ్డు, ఎక్కడో తన వంటిల్లు. బానెట్టు దించి, దాని మీద కాసేపు ఆనుకుని, వచ్చి సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు.

"నాదే తప్పు," అన్నాడు.

బావమరిది తన చెవుల్ని తాను నమ్మడానికి కొంత వ్యవధి తీసుకున్నాడు.

"ఏమన్నావు బావా?"

"ఒక సైజు చిన్నదైంది. నడిమిది పెట్టాలి."

"అయ్యో, నాకు బ్రహ్మాండంగా ఉంది మేస్త్రిగారూ," అంది నర్సు. "మలుపు దగ్గర చూశారుగా. ఇదే ఉండనివ్వండి."

"ఇవాళ బాగానే ఉంటుందమ్మా. మంచి ఎండలో, వెనకాల మనిషిని పడుకోబెట్టుకుని ఎక్కుతారు చూడండి, ఆ రోజు సగం దారిలో ఊపిరాడక నిలబడిపోతుంది. వెనకున్నవాడికీ ఊపిరాడకపోతే ఎవరిది ముందు చూస్తారు మీరు?"

నర్సు తల తిప్పి వెనకున్న సిలిండరువైపు చూసింది.

బావమరిది ముందుకి వంగి రెండు సీట్ల నడుమ తల పెట్టాడు. "మరి పొద్దున నడిమిది చేతిలోనే పట్టుకున్నావు కదా! నేను చూశాను."

"పట్టుకున్నాను. ఇంజనుని బట్టి అదే పెట్టాలి. నువ్వు కూసిన కూతకి ఒళ్లు మండి దీన్ని తీశాను. బండికి ఎంచాల్సింది పోయి, బావమరిదికి ఎంచానురా టర్బో."

బావమరిది సీటు మీద చేత్తో చరిచాడు. సిలిండరు ఖంగుమంది. "అక్కకి చెబుతా! నర్సుగారూ, మీరే సాక్షి. 'నాదే తప్పు' అన్నాడా లేదా? ఈ మాట కోసం మా అక్క ఎన్నేళ్లుగా కాచుకుని కూర్చుందో మీకు తెలీదు!"

"చెప్పుకో, నాకేం," అన్నాడు మేస్త్రి. పెదవి చివర నవ్వులాంటిది వచ్చింది. "కాకపోతే నేను ఇంట్లో లేనప్పుడు చెప్పు. ఆవిడ సంబరం చూసి తట్టుకోలేను."

నర్సు బండి తిప్పింది. మేస్త్రి కళ్లు మూసుకుని, అరచెయ్యి ఎప్పటి చోట పెట్టాడు.

దిగుతున్నంతసేపూ బావమరిది మాట్లాడుతూనే ఉన్నాడు. అక్కని ముందు కూర్చోబెడతాడట, చేతికి మంచినీళ్లిస్తాడట, ఆ తర్వాత మెల్లగా మొదలుపెడతాడట. కొంతదూరం పోయాక గొంతు కొంచెం తగ్గింది. "అయినా బావా, అసలు పెద్దది పెట్టి పంపకపోతే ఇదంతా లేదనుకో. నడిమిది రేపు నేనే బిగిస్తా. నువ్వు పక్కన స్టూలేసుకుని కూర్చో, తిట్టడానికి." బావ పలకలేదు. చెయ్యి డ్యాష్‌బోర్డు మీదున్నంతసేపు బావ ఎవరితోనూ పలకడు. అందుకని ఎవరికీ వింతగా అనిపించలేదు.

మలుపు దగ్గర నర్సు బ్రేకు వేసింది. ఆ కుదుపుకి అరచెయ్యి డ్యాష్‌బోర్డు మీంచి జారి ఒళ్లో పడింది. మళ్లీ పైకి వెళ్లలేదు.

నర్సు ఒకసారి పక్కకి చూసింది. బండిని రోడ్డు వారకి తీసి, హ్యాండుబ్రేకు లాగి, ఆయన మణికట్టు పట్టుకుంది. తర్వాత దవడ కింద రెండు వేళ్లు పెట్టింది. చాలాసేపు అలాగే ఉంచింది. ఆవిడ పని అది. సీటు వాల్చి, తెలిసినవన్నీ చేసింది. అవి చేస్తున్నప్పుడే ఆవిడకి తెలిసిపోయింది.

"ఏంటమ్మా, ఆపారు? నిద్రపోలేదండీ, ఆయనంతే, వింటుంటాడు..." బావమరిది ఇంకా చెబుతున్నాడు.

"కాసేపు మాట్లాడకండి బాబూ," అంది నర్సు.

ఆయన ఆపేశాడు. కారు ఇంజను ఒక్కటే సన్నగా తిరుగుతూ ఉంది.

*

నడిమి టర్బోని బావమరిదే బిగించాడు. షెడ్డు మళ్లీ తెరిచిన రోజు, తలుపు తీసిన వెంటనే చేసిన పని అదే. నట్టు రాకపోతే బలవంతం చేయలేదు, నూనె చుక్క వేసి కూర్చున్నాడు. ఇంజను తిప్పేముందు గొంతులో ఆయిలు పోశాడు. సిలిండరు ఎక్కించి, నర్సు పక్కన కూర్చుని, మలుపు దాటి, కొండ చివరి ఇంటిదాకా వెళ్లాడు. దారిలో కళ్లు మూసుకుని అరచెయ్యి డ్యాష్‌బోర్డు మీద పెట్టాడు. ఆ చేతికి ఏం వినిపించిందో, అసలు వినిపించిందో లేదో ఆయన చెప్పలేదు. ఆ మనిషి అంతసేపు మాట్లాడకుండా ఉండడం తాను చూడలేదని మాత్రం నర్సు తర్వాత అంది. బండి పైదాకా ఒక్కచోట కూడా ఊపిరి బిగబట్టలేదు. పాటల ముసలాయన ఆ రోజు రెండు పాటలు పాడాడట.

అక్కడినుంచి ఆయన తిన్నగా అక్క ఇంటికి వచ్చాడు.

ఆమె పొయ్యి దగ్గర నిలబడి ఉంది. గుమ్మం పక్కన స్టూలు ఖాళీగా ఉంది. దాని మీద కూర్చోబోయి, మానేసి, గోడకి ఆనుకున్నాడు.

"అక్కా, బావ నీకో మాట చెప్పమన్నాడు."

ఆమె చేతులు తుడుచుకుంది. "ఇప్పుడా చెప్పడం?"

"తను ఇంట్లో లేనప్పుడు చెప్పమన్నాడు."

చెప్పాడు. అలమర దగ్గర తానన్న మాట, దానికి బావ చేతిలోది పెట్టేసి చిన్నది తీయడం, కొండమీద బానెట్టు ఎత్తి నిలబడడం, అన్నీ చెప్పాడు. కారులో అనుకున్నట్టు చెప్పలేకపోయాడు. ఎవరో దాచమని ఇచ్చిన వస్తువుని తిరిగి ఇచ్చేసినట్టు చెప్పాడు.

"'నాదే తప్పు' అన్నాడా? ఆ మాటే అన్నాడా?"

"ఆ మాటేనక్కా."

"గొణిగాడా, గట్టిగా అన్నాడా?"

"నర్సుగారు కూడా విన్నారు."

"చిన్నదైందన్నాడా?"

"ఒక సైజు చిన్నదైందన్నాడు."

"కుక్కరు సంగతి ఏమైనా అన్నాడా?"

"దాని ఊసు రాలేదక్కా."

"అదీ! చూశావా మీ బావ కిటుకు? సగమే ఒప్పుకుని వెళ్లిపోయాడు," అని నవ్వింది. నవ్వు మొదలైనంత బాగా ముగియలేదు. ఆమె పొయ్యివైపు తిరిగింది. అప్పుడే కుక్కరు కూసింది, ఎప్పట్లాగే, తొందరగా. అలవాటైన చెయ్యి అలవాటైన కొలతే పోసిందని ఆమెకి అప్పుడు గానీ తట్టలేదు.

"ఆ మాట అంటే ఇంక కుక్కరు ఊసెత్తనని చెప్పానురా ఆయనకి," అంది తమ్ముడివైపు చూడకుండా. "ఈ ఒక్కసారికి ఎత్తుతాను. తప్పు నాది. ఇన్నేళ్లూ ఊరికే సాధించాను. అది చిన్నదేం కాదురా. ఇద్దరికీ కొలిచి తెచ్చినట్టుండేది."

తమ్ముడు భోజనానికి ఉండమంటే ఉండలేదు. ఆమె పొయ్యి ఆపింది. మూత కింద ఆవిరి కొద్దికొద్దిగా సద్దుమణుగుతూ కుక్కరు పొయ్యి మీదే ఉండిపోయింది. ఒక్క మనిషికి అది ఒక సైజు పెద్దది.